ఎల్ఫు కొట్టిన ఊ

కాటన్‌పేటలో నాగప్ప కథ మొదలుపెడితే వీధికుక్క కూడా గోక్కోవడం ఆపి వినేదట. ఈ మాట చెప్పింది నాగప్పే కాబట్టి కుక్క సంగతి పక్కన పెడదాం. మస్తాన్ మాత్రం వినేవాడు. అందులో అబద్ధం లేదు.

నాగప్ప చిక్కపేటలో చీరల దలాలీ చేసి బతికినవాడు. మస్తాన్ నగర్తపేటలో చీరలకు ఫాల్ కుట్టే దుకాణం నడిపినవాడు. ఇద్దరూ పనులు మానుకున్నాక నాగప్ప ఇంటి అరుగే ఇద్దరికీ దుకాణమైంది. ఆదివారం భోజనాలయ్యాక మస్తాన్ వచ్చి, స్తంభానికి వీపు ఆనించి, నొప్పి మోకాళ్ళు రెండూ ముందుకు చాపుకుని కూర్చునేవాడు. అది చూసి నాగప్ప గొంతు సవరించుకునేవాడు.

కథకు చెప్పే నోరొకటి ఉంటే చాలదు, ఊ కొట్టే గొంతు కూడా కావాలి. మస్తాన్ దగ్గర రకరకాల ఊలు ఉండేవి. కథ ఊరు దాటి పోతుంటే పొట్టి ఊ. దొంగ గోడ దూకేటప్పుడు ఊపిరి బిగబట్టిన ఊ. ఏనుగు చింతచెట్టు ఎక్కినప్పుడు మాత్రం, ఎక్కనీలే, మనదేం పోయింది అన్నట్టు, తాపీగా సాగదీసిన ఊ. దర్జీ కుట్టుకోసం అంచున గుడ్డ వదిలినట్టు, నాగప్ప ప్రతి మాట చివరా ఆ ఊ పట్టేంత ఖాళీ వదిలేవాడు.

అలాంటి ఊను మేడమీది పిల్ల ఎత్తుకుపోయింది.

ఆ పిల్ల పేరు కిరణ్మయి. ఊరు తెనాలి, ఉద్యోగం కంప్యూటర్లలో. పైన గదిలో అద్దెకుంటుంది. ఆదివారమైతే తోటి ఉద్యోగులు స్టాన్లీ, అక్షర వచ్చేవాళ్ళు. అందరూ బల్ల చుట్టూ చేరి ఏదో ఆట ఆడేవాళ్ళు. అది పేకాట కాదు, క్యారమ్సూ కాదు. కిరణ్మయి ఒక కథ చెబుతుంది. మిగతావాళ్ళు అందులో మనుషులై, మనుషులు కానివాళ్ళై తిరుగుతారు. ఎటూ తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక ఒకటి దొర్లిస్తారు.

ఒక ఆదివారం వాళ్ళకు ఒకరు తక్కువయ్యారు. కిరణ్మయి కిందికి దిగి వచ్చి, ముందుగా అడిగింది నాగప్పనే.

"తాతగారూ, మా గేమ్‌లోకి వస్తారా? కథలో ఒక క్యారెక్టర్ మీరు చెయ్యాలి, అంతే."

"నేను కథ చెప్పేవాణ్ణమ్మా. ఇంగొకరి కథలో దూరే గతి నాకేమొచ్చె?" అని నాగప్ప మీసం దువ్వుకున్నాడు.

"పోనీ మీరొస్తారా తాతా?"

మస్తాన్ తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. మెట్ల వైపు చూశాడు. "పోయొస్తా నాగప్పా. స్వల్ప సేపే" అన్నాడు.

ఆ స్వల్ప సేపు రెండు నెలలైంది.

సందు చివర టీ కొట్టుదాకా రమ్మంటే మోకాళ్ళు పట్టుకునే మనిషి ఆదివారం వస్తే గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ మూలుగుతూ మేడెక్కేవాడు. నాగప్ప అరుగుమీద ఒక్కడే కూర్చుని వక్క నములుతుండేవాడు. పైనుంచి నవ్వులు వినిపించేవి. నవ్వులదేముంది, ఓర్చుకున్నాడు. ఒకరోజు పైకప్పులోంచి ఊ వినిపించింది. మామూలు ఊ కాదు, ఏనుగు చింతచెట్టు ఎక్కినప్పటి ఊ. ఎవరో కళ్ళల్లో గుంటూరు కారం విసిరికొట్టినట్టయింది నాగప్పకు.

"ఏమయ్యా, ముఖం అట్లయిపోయింది?" అంది భార్య హనుమక్క, చేటలో బియ్యం చెరుగుతూ. "కడుపులో కుళ్ళు పొంగితే సోడా తాగు. మెట్లెక్కి పో, లేదా నోరు మూసుకోని ఉండు. నా బియ్యంలో మాత్రం వక్క ఉమ్మొద్దు."

వారం మధ్యలో మస్తాన్ కనబడితే నాగప్ప ఏమీ పట్టనట్టు అడిగాడు. "ఇంతకీ పైన నువ్వేం చేస్తావురా?"

"నేను ఎల్ఫునప్పా."

"అంటే?"

"వాళ్ళొక జాతి. మనట్ల మనుషులు గాదు. చెవులు ఇట్ల మొనదేలి ఉంటాయి. ఏడు నూర్ల ఏండ్లు బతుకుతారు. నాకిప్పుడు మూడు నూర్లు. ఇంకా మీసం సరిగా మొలవలా" అన్నాడు మస్తాన్, తెల్లగడ్డం నిమురుకుంటూ. "మంచుమీద నడిచినా అడుగు పడదు. ఈ కొమ్మమీంద నుంచి ఆ కొమ్మమీందికి ఎగురుతాపోతా."

"కొమ్మమీంద నీ మోకాలికి తైలం ఎవురు రాస్తారు?"

మస్తాన్ నవ్వలేదు. "ఆడ నొప్పే లేదు గదప్పా" అన్నాడు మెల్లగా.

ఆ మాటకు జాలి పుట్టాలి. నాగప్పకు మంట పుట్టింది. ఇన్నేళ్ళుగా తను ఎన్ని కథలు చెప్పాడు! ఏనుగుల్ని చెట్లెక్కించాడు, బావుల్ని నడిపించాడు. వీడి మోకాలి నొప్పి మాత్రం ఒక్క పూట తియ్యలేకపోయాడు. నిన్నగాక మొన్న వచ్చిన తెనాలి పిల్ల ఒక్క ముక్కతో తీసేసింది.

తర్వాతి ఆదివారం నాగప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మేడెక్కాడు.

"రండి రండి" అని కిరణ్మయి కుర్చీ వేసింది. "మీకు ఏ జాతి కావాలి తాతగారూ?"

"ఎల్ఫు."

"ఎల్ఫ్ ఆల్రెడీ మస్తాన్ తాత. స్టాన్లీ డ్వార్ఫ్, అంటే పొట్టివాళ్ళ జాతి. అక్షరేమో అర్ధరాక్షసి. మా గుంపులో మనిషే లేడు. మీరు మనిషి."

నాగప్ప అందర్నీ కలయజూశాడు. ఆరడుగుల స్టాన్లీ పొట్టివాడట. గాలొస్తే తలుపు పట్టుకోవాల్సిన అక్షర రాక్షసట. తను మనిషట. మనిషి కావడానికి మెట్లెక్కాలా?

"మనిషి యాలమ్మా మిగిలిపోయినాడు?"

"ఎవరూ తీసుకోరు తాతా" అన్నాడు స్టాన్లీ. "వారమంతా ఆఫీసులో మనుషులమే కదా. ఆదివారం కూడానా?"

"సరే. వీళ్ళకేముండాది, నాకేముండాది?"

"నాకు చీకట్లో కనపడుతుంది" అన్నాడు స్టాన్లీ. "నేను బండరాయి ఎత్తేస్తా" అంది అక్షర, అన్నం గిన్నె కూడా ఎత్తలేని చేతులు చూపిస్తూ. మస్తాన్ లేని మొన చెవులు నిమురుకున్నాడు.

కిరణ్మయి పుస్తకం తిరగేసింది. "మనిషికి... చీకట్లో కనపడదు. ఆయుష్షు మహా అయితే డెబ్భై ఏళ్ళు. అన్నీ కొంచెం కొంచెం వచ్చు. తొందరెక్కువ. ఎక్కడున్నా సర్దుకుంటాడు."

"డెబ్భయ్యా? నాకు ఇప్పటికే డెబ్భై రెండు. అంటే ఆటలోకి రాకముందే పోయినానా?"

అందరూ నవ్వారు. మస్తాన్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఏడు నూర్ల ఏళ్ళున్నవాడు, ఎందుకు నవ్వడు?

కిరణ్మయి రెండు నియమాలు చెప్పింది. ఒకటి, బల్ల దగ్గర ఎవరు ఏ చప్పుడు చేసినా కథలో చేసినట్టే. పోయినవారం అక్షర నిజంగానే తుమ్మితే, కథలో కోట కావలివాళ్ళు నిద్ర లేచారట. రెండు, కథలో చచ్చినవాళ్ళకు కథ అయ్యేదాకా ఆట లేదు. కావాలంటే పక్కన కూర్చుని చూడవచ్చు.

ఆ రెండోది నాగప్ప చెవిలో తేనెలా పడింది. ఎల్ఫు చస్తే మస్తాన్‌కు ఆట లేదు. ఉత్తినే చూడ్డానికి మోకాళ్ళు నొప్పించుకుని ఎవడు మెట్లెక్కుతాడు? ఎక్కడికి పోతాడు, అరుగుమీదికే వస్తాడు. మొనదేలిన ఆ చెవులు ఎలాగైనా కోయించాలి. వచ్చిన పని ఇదీ అని అప్పటికి గాని నాగప్పకే తెలియలేదు.

కథ సాగింది. అడవి వచ్చింది. ఎల్ఫు కొమ్మలమీంచి పోయాడు. డ్వార్ఫు రాళ్ళ వాసన పట్టుకుని పోయాడు. నాగప్ప బురదలో దిగబడితే అర్ధరాక్షసి చంకలో ఇరికించుకుని పోయింది. గుహ వచ్చింది. చీకట్లో అందరికీ కనబడుతోంది, నాగప్పకు తప్ప. అందుకని కాగడా మొయ్యమన్నారు. పెళ్ళి ఊరేగింపులో పెట్రోమాక్సు మోసేవాడికైనా చివర్లో భోజనం పెడతారు.

ఇదంతా ఒక ఎత్తు, మస్తాన్ ఒక ఎత్తు. "మస్తాన్ తాతా, చిటారు కొమ్మ మీదున్నారు, కింద లోయ" అని కిరణ్మయి అన్నప్పుడల్లా మస్తాన్ కళ్ళు మూసుకునేవాడు. బల్ల కింద అతని కాలి వేళ్ళు కదిలేవి. నిజంగా కొమ్మను పట్టుకున్నట్టు ముడుచుకునేవి, విచ్చుకునేవి. నాగప్ప ఆ వేళ్ళ వంకే చూశాడు. తన కథకు ఏనాడూ కదలని వేళ్ళు.

గుహ చివర ఒక గుడ్డి రాక్షసుడు ఉన్నాడు. ఏటికి తలుపు పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాడు. కింద ఊళ్ళకు చుక్క నీరు లేదు.

"మన సందులో నీళ్ళ వాల్వు తిప్పేవాడికి అన్న అన్నమాట" అన్నాడు స్టాన్లీ.

రాక్షసుడికి కళ్ళు లేకపోయినా చెవులు చేటలంత. అడుగు చప్పుడు లేకుండా వెనకనుంచి పోయి తాళంచెవి తియ్యగలిగింది ఎల్ఫు ఒక్కడే. అంతసేపూ రాక్షసుణ్ణి ముందునుంచి మాటల్లో పెట్టాలి. ఆ పని ఎవరిదని ఎవరూ అడగలేదు. అందరూ నాగప్ప వైపు చూశారు.

"మస్తాన్ తాతా, గుర్తుంది కదా?" అంది కిరణ్మయి. "చిన్న చప్పుడైనా దొరికిపోతారు."

మస్తాన్ పెదాలు బిగించి తలూపాడు.

నాగప్ప గొంతు సవరించుకున్నాడు. రెండు నెలల తర్వాత సవరించుకున్న గొంతు.

"సామీ రాక్షసా, మా చిక్కపేటకు ఒకసారి ఒక చీరొచ్చె. దానికెంత జరీ అంటే, దుకాణంలో పెడితే దుకాణం వాలిపాయ. దుకాణం వాలితే వీధి వాలిపాయ. ఈ పొద్దుటికీ ఆ సందులో నీళ్ళు పోస్తే ఒక పక్కకే పోతాయి." అక్కడ ఆపకుండా ముందుకు లాగాడు. "ఆ చీర మొయ్యలేక హమాలీలు తోపుడుబండ్లు వరసగా కట్టినారు. ముందుబండి పెండ్లింటికి చేరినా వెనకబండి ఇంకా దుకాణం దాటలా. ఎట్లనో పెండ్లికూతురికి కట్టినారు. తాళి కట్టినాడు పెండ్లికొడుకు. పద పోదామన్నాడు. ఆ యమ్మ కదిలితే గదా! అత్త లాగె, మామ తోసె. లే, కదల్లా. కడాకు ఆ పిల్లోడేం చేసినాడు? ఆ యమ్మ నిలబడిన తావునే, ఆ యమ్మ సుట్టూ ఇల్లు కట్టుకున్నాడు..."

అక్కడ ఆపాడు.

ఊరికే ఆపలేదు. ఊ పట్టేంత ఖాళీ, సరిగ్గా కొలిచి వదిలాడు. ఏనుగు చెట్టెక్కినంత ఖాళీ.

"ఊ...ఊ" అన్నాడు మస్తాన్.

తాపీగా, పొడుగ్గా, నిండుగా వచ్చింది ఆ ఊ. నాగప్ప ఒళ్ళు జలదరించింది. ఎన్నాళ్ళైంది విని! అందరూ నోళ్ళు తెరిచారు. మస్తాన్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, కాని ఊ అప్పటికే గుహంతా తిరుగుతోంది.

మస్తాన్ నాగప్ప వైపు చూశాడు. "కావాలనే ఆపినావు" అన్నాడు.

నాగప్ప బల్లమీది పాచిక వంక చూస్తూ ఉండిపోయాడు. కోరుకున్నదే కదా జరిగింది. ఇప్పుడు రాక్షసుడు ఎల్ఫును చంపుతాడు, మస్తాన్ కిందికి దిగుతాడు, అంతే.

కిరణ్మయి గొంతు లావు చేసింది. "ఎవడ్రా ఆ ఊ కొట్టింది?" అంది రాక్షసుడై. చెయ్యి వెనక్కి చాచి గాలిలో పట్టుకుంది. "దొరికావు. భయపడకు, నిన్ను చంపను. వెయ్యేళ్ళనుంచీ ఈ గుహలో నా కథలు నేనే చెప్పుకుంటున్నా. ఈ గోడలు నా మాట నాకే తిప్పి చెబుతాయి గాని, ఒక్క గోడా ఊ అనదు. ఎంత కమ్మగా కొట్టావురా! ఎల్ఫువి కదా, ఇంకా నాలుగు వందల ఏళ్ళు బతుకుతావు. నిన్ను నేనే ఉంచుకుంటా."

నాలుగు వందల ఏళ్ళు! నాగప్ప చెవుల్లోంచి వేడి వచ్చింది. చంపితే చంపనీ అనుకున్నాడు గాని, ఉంచుకోవడమా? ఆ ఊ ఇంకొకడికి, అదీ కళ్ళు లేని గుహ వెధవకి, రోజూ, పొద్దున్నా సాయంత్రమూ?

కుర్చీ వెనక్కి పడేట్టు లేచాడు. "ఏయ్! వదల్రా వాణ్ణి! అది నా ఊ!"

"తాతా, కొట్లాటా?" అని స్టాన్లీ పాచిక అందుకున్నాడు.

"నువ్వుండప్పా! ఏనుగు చెట్టెక్కితే ఎట్ల కొట్టాల, దొంగ గోడ దూకితే ఎట్ల కొట్టాల, అన్నీ నా కథల్లో నేర్చినాడు వాడు. ఇంత వయసు పట్టింది ఆ ఊ పండేదానికి. నువ్వెవుడు కోసుకోని పోయేదానికి?"

రాక్షసుడు ఆలోచించాడు. "వీడికి బదులు ఏమిస్తావు?"

"నన్ను తీస్కో."

"నువ్వు ఊ కొడతావా?"

"సచ్చినా కొట్టను. ఒకరికి ఊ కొట్టే వంశం గాదు మాది."

"అయితే నిన్ను తింటాను."

"తిను. ఎముకలు జాస్తి. గొంతులో ఇరుక్కుంటే నన్ననొద్దు."

కిరణ్మయి తన మామూలు గొంతుకు దిగింది. "తాతగారూ, ఒకసారి ఆలోచించుకోండి. మనిషి పోతే ఇక మీకు ఈ కథలో ఆట లేదు. కావాలంటే పాచిక వెయ్యండి, తప్పించుకోవచ్చు."

నాగప్ప బల్ల కిందికి చూశాడు. మస్తాన్ కాలి వేళ్ళు కదలకుండా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ గుహలో నాలుగు వందల ఏళ్ళు.

"పాచికా గీచికా బేడ, ఏమీ వద్దు. మింగమను."

రాక్షసుడు ఎల్ఫును వదిలి మనిషిని నోట్లో వేసుకున్నాడు. నమిలేలోపల ఎల్ఫు తాళంచెవి లాక్కుని ఉరికాడు. తలుపు తెరుచుకుంది, ఏరు దూకింది. అక్షర చప్పట్లు కొట్టింది.

"నా డ్వార్ఫయితే చచ్చినా ఈ పని చెయ్యడు" అన్నాడు స్టాన్లీ. "ఎల్ఫయితే ఏడు వందల ఏళ్ళు చూసుకుని వెనకాడతాడు. కిరణ్మయీ, నీ పుస్తకంలో మనిషి దగ్గర ఒక్క ముక్క తక్కువైంది చూడు. ఓర్వలేడు."

దిగేటప్పుడు మస్తాన్ నాగప్ప భుజంమీద చెయ్యి వేసి మెట్టు మెట్టూ దిగాడు. సగం మెట్ల దగ్గర ఆగాడు.

"నన్ను పట్టిచ్చినావు."

"ఇడిపిచ్చినా గదా."

"ఊ ఎట్లుండె?"

"కొంచెం పొడుగాయ" అన్నాడు నాగప్ప. "పెండ్లికూతురి కాడ అంత పనికిరాదు."

మరుసటి ఆదివారం వచ్చింది. ఎల్ఫు బతికే ఉన్నాడు కదా, మస్తాన్ మళ్ళీ మేడెక్కాడు. నాగప్ప అరుగుమీద కాసేపు కూర్చున్నాడు. హనుమక్క చేట పట్టుకుని వచ్చి ముఖంలోకి చూసింది. ఆమె సోడా మాట ఎత్తేలోపే లేచి మెట్లెక్కాడు.

"సచ్చినోళ్ళు చూడొచ్చన్నావు గదమ్మా" అని మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు.

పెదాలు కుట్టేసినట్టు బిగించుకున్నాడు. మస్తాన్ కూడా ఈసారి జాగ్రత్తగా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కిరణ్మయి కథ ఎత్తుకుంది. విడుదలైన ఏరు ఊళ్ళలోకి వస్తోంది. ఎండిన బావులు దాహంతో లేచి, ఏటికి ఎదురు నడిచాయంది. నాగప్ప ఉలిక్కిపడ్డాడు. బావులు నడవడమా? అది తన కథలోది. ఈ పిల్ల మేడమీంచి వింటూ ఉండేదన్నమాట!

"ముందు ముసలి బావి, వెనక పిల్ల బావులు. గట్టుమీద నిలబడి, ఏరు వచ్చీరాగానే నోళ్ళు తెరిచి..."

అక్కడ ఆపింది.

దొంగతనమంటూ చేస్తే పూర్తిగా చెయ్యాలి కదా. చివరి ఖాళీ కూడా కొలత తప్పకుండా వదిలింది. ఎవరూ పలకలేదు. మస్తాన్ నోటికి తువ్వాలు అడ్డం. ఆ ఖాళీ నాగప్ప వీపులో చెయ్యందని చోట దురదలా పాకింది. ఓర్చుకున్నాడు. పళ్ళు కొరుక్కున్నాడు.

"ఊ" అంది అతని గొంతు.

అందరూ మూలకు తిరిగారు. "చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు తాతా" అన్నాడు స్టాన్లీ. "గొంతులో వక్క అడ్డం పడెలే" అన్నాడు నాగప్ప. కిరణ్మయి మాత్రం కథ ఆపలేదు. ఆ తర్వాత ప్రతి ఖాళీ దగ్గరా అతని వైపే చూసింది. దయ్యానికి ఊ కొట్టే హక్కుందని తనే తీర్పు చెప్పింది. నాగప్ప కొట్టాడు. మొదట్లో మొక్కుబడిగా, పోను పోను బాగానే.

ఆట ముగిశాక ఇద్దరూ దిగి అరుగుమీద కూర్చున్నారు. మస్తాన్ స్తంభానికి ఆనుకోలేదు. మోకాళ్ళూ చాపలేదు. వీధిలోకి చూస్తూ ఉన్నాడు.

"ఏమిరా?"

"నిన్నొచ్చిన పిల్లకు అన్ని ఊలు కొట్టినావు" అన్నాడు మస్తాన్. "ఇన్నేండ్లు పక్కన కూసున్నా. నాకొక కథ ఉండాదేమో అని అడిగినావా? నాకెప్పుడన్నా ఒక్క ఊ కొట్టినావా?"

నాగప్ప ఆ ముఖంలోకి పరీక్షగా చూశాడు. ఆ కళ్ళల్లో కారం తనకు బాగా తెలిసిన కారమే. ఒకరు తనమీద ఇంత కుళ్ళుకోవడం దలాలీ రోజుల తర్వాత ఇదే. లోపల ఎక్కడో చల్లగా తగిలింది. సిగ్గు కూడా తగిలింది గాని, దాన్ని వక్కతో పాటు దవడకు తోసేశాడు.

"ఎల్ఫువి గదా. మూడు నూర్ల ఏండ్లు బతికినావు. ఒక్కటన్నా ఉండదా? చెప్పు మరి."

మస్తాన్ చాలాసేపు తటపటాయించాడు. తర్వాత స్తంభానికి వీపు ఆనించాడు.

"నగర్తపేటలో నా మిషన్ ఒకటుండె గదా. ఒకనాడు నేను టీకి పొయ్యొచ్చేలోపల అది తనంతట తానే ఒక చీరకు ఫాల్ కుట్టి పెట్టింది..."

ఆపాడు. ఆపి, నాగప్ప వైపు చూశాడు.

నాగప్ప కాసేపు కావాలనే పలకలేదు. మస్తాన్ మెడ ముందుకు సాగేదాకా ఉంచాడు. ఇలాంటి సుఖం ఇన్నేళ్ళూ తను ఒక్కడే తిన్నాడు కదా అనుకున్నాడు.

"ఊ" అన్నాడు.

"ఎట్ల కుట్టిందంటావు?" అన్నాడు మస్తాన్, మోకాళ్ళు ముందుకు చాపుకుంటూ.